పేరు దేవునికి తెలుసు

“పాట అయిపోయిందా?”

“అయిపోయి చానసేపైంది వదినా. ఇగ జర నోరు ముయ్యి.”

మా వదినకూ నాకూ మధ్య జరిగిన చివరి మాటలు ఇవే. మంగళవారం మధ్యాహ్నం, అశోక్‌నగర్‌లో వాళ్లింటి మేడ మీద కూర్చుని ఇద్దరం చిక్కుడుకాయలకు పీచు తీస్తున్నాం. తీస్తూ తీస్తూ ఆమె కీర్తన అందుకుంది. ఆఖరి చరణం ముగిసినా మళ్లీ పల్లవి ఎత్తుకుంది. కింద వాటాలో కోచింగ్ పిల్లలు చదువుకుంటున్నారు. నేను నోరు ముయ్యమన్నాను, ఆమె మూసింది. కాయల్లో సగం నా సంచిలో పోసింది. నేను చిక్కడపల్లికి నడిచి వచ్చేశాను. మర్నాడు పొద్దున ఆమె లేవలేదు.

ఇప్పుడు మా సంఘం వాళ్లు ఆమె గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నెట్టులో మా చర్చివాళ్ల గ్రూపు ఒకటి ఉంది, అందులో పెడతారట. దగ్గరి మనిషివి నువ్వే కదా అన్నారు. నాకు చదువు అంతంతమాత్రం కాబట్టి నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాస్తోంది. ఉద్యోగ పరీక్షల కోచింగ్ కోసమని వచ్చి మూడేళ్లుగా నా దగ్గరే ఉంటున్న పిల్ల. “అందరికీ రాసినట్టే ప్రార్థనాపరురాలు, సాత్వికురాలు అని రాద్దామా అత్తా?” అని అడిగింది. ప్రార్థనాపరురాలు సరే. సాత్వికురాలు అని రాస్తే వదిన శవపెట్టెలోంచి లేచి వచ్చి కొడుతుంది. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.

వదిన మా ఆయనకు అక్క. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. మా ఆయన పోయాక అత్తింటి తరపున నాకు మిగిలింది ఆమె ఒక్కతే. నారాయణగూడలో ఒక బడిలో ఆయా పని ఇప్పించింది కూడా ఆమే. బడిలో పనిచేసేదానివి వేలిముద్ర వేస్తే నాకు సిగ్గు అని చెప్పి, నాకు అక్షరాలు నేర్పింది. పలక మీద కాదు, బస్టాపులో. వచ్చిన బస్సు బోర్డు నేను చదవాలి. చదవలేకపోతే ఆ బస్సు ఎక్కనిచ్చేది కాదు. ఎండలో నాలుగు బస్సులు పోగొట్టుకున్న రోజులున్నాయి. అందుకే అంబర్‌పేట, కాచిగూడ, గాంధీనగర్ అన్న మాటలు నాకు కళ్లు మూసుకున్నా వస్తాయి. మిగతా తెలుగంతా తడుముకోవడమే.

మా చర్చిలో క్రిస్మస్ పొద్దున ఒక అలవాటు ఉంది. కీబోర్డు, డ్రమ్ములు అన్నీ వచ్చాయి గానీ, ఆ రోజు మొదటి పాటకు ఏదీ మోగకూడదు. ఆడవాళ్ల వైపు నుంచి ఒక్క గొంతు పాట ఎత్తాలి, తరువాత సంఘమంతా లేచి అందుకోవాలి. ఆ ఒక్క గొంతు నలభై ఏళ్లుగా మా వదినది. దాని కోసం క్రిస్మస్‌కు నాలుగు వారాల ముందు, అడ్వెంట్ మొదలవగానే పెరుగు మానేసేది. పచ్చడి మానేసేది. నన్ను తిట్టడం కూడా తగ్గించేది, గొంతు అరుగుతుందని.

ఆమెకు చెవులు పోతున్నాయని నాకు తెలిసింది కుక్కర్ వల్ల. పప్పుకు మూడు విజిల్స్ అని నాకు నేర్పిన మనిషి, ఒకరోజు నేను మెట్లెక్కేసరికే ఆరు వచ్చినా కదలకుండా కూర్చుంది. పప్పు జావ అయింది. నేను అడిగాను. మొదట నన్నే తిట్టింది. తరువాత తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

“గీ ముచ్చట నీ కడుపుల పెట్టుకో. బయట తెలిస్తే క్రిస్మస్‌కు నన్ను కూసోబెడ్తరు.”

“నేనెందుకు చెప్త వదినా.”

“నువ్వు చెప్పవు. నీ నోరు చెప్తది. దాన్ని పట్టుకో.”

మరి వినపడకుండా పాట ఎలా ఎత్తుతున్నావని అడిగితే, పాట చెవిలో ఉండదే, దవడలో ఉంటది అంది. ఎత్తడం వరకు ఇబ్బంది లేదు. ఆపడమే కష్టం. మిగతావాళ్లు ఎప్పుడు ఆపారో తెలియదు కదా. పాస్టరు అయ్యగారు నోరు మూసుకోవడం చూసి ఆమె కూడా మూసుకునేది.

అది రెండువేల పన్నెండు. ఆ ఏడే మా సంఘానికి కొత్తగా ఒక కుర్ర అయ్యగారు వచ్చారు. వాక్యం, ప్రార్థన మనవులు, సాక్ష్యాలు అన్నీ నెట్టులో గ్రూపు పెట్టి అందులో వెయ్యడం మొదలుపెట్టారు. గ్రూపు తెరిచిన ఆదివారం బాగా చెప్పారు. నెట్టులో కూడా మనం దేవుని బిడ్డలమే, చర్చిలో నిలబడి అనలేని మాట అక్కడ రాయొద్దు, ఒకరిని కట్టే మాట రాయండి గాని కూల్చే మాట వద్దు అన్నారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

రోజూ మా పిల్ల చదువు ముగించాక లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి నాకు గ్రూపు చదివి వినిపించేది. మంచి కాలక్షేపం. ఎవరి అల్లుడికి బదిలీ కావాలి, ఎవరికి షుగర్ పెరిగింది, అన్నీ ఇంట్లో కూర్చునే తెలిసేవి. కింద ఎన్ని ఆమెన్లు పడ్డాయో కూడా చదివించుకునేదాన్ని. ఆ అల్లుడి బదిలీకి నలభై పడ్డాయి. నేను నా మోకాళ్ల కోసం మనవి పెడితే మూడు పడ్డాయి. అందులో ఒకటి మా పిల్లది. ఇంకొకటి నేను నొక్కిందే.

నాకు కడుపు మండింది. ఉన్నమాట చెబుతున్నాను. నా మోకాళ్లకు లేని గొప్ప ఆ అల్లుడికి ఏముంది? నలుగురి గుండె కరిగే మనవి ఒకటి నా దగ్గర ఉంది కదా అనిపించింది. మా పిల్లను పిలిచి కాగితం మీద రాయించాను. “అశోక్‌నగర్‌లో ఒక పెద్ద సహోదరి నలభై ఏళ్లుగా దేవుని పాటలు పాడుతున్నది. ఇప్పుడు ఆమె చెవులు వినపడటం లేదు. ప్రార్థించండి. పేరు దేవునికి తెలుసు.”

“దేవునికే కాదత్తా, అందరికి తెలుస్తది,” అంది మా పిల్ల.

“పేరు చెప్పలే గద.”

“అశోక్‌నగర్ల నలభై ఏండ్ల సంది పాడేటోళ్లు ఎంతమంది ఉన్నరు?”

“నువ్వు రాయి బిడ్డా. ప్రార్థన చేయించుడు పాపం గాదు.”

మా చర్చిల్లో ఇది పాత జబ్బు. ఒకరి సంగతి ఊరికే చెబితే చాడీ. కళ్లు మూసుకుని చెబితే ప్రార్థన మనవి. పేరు చెప్పకపోతే ఇంకా పరిశుద్ధం. నేను ఆ జబ్బు ఎక్కించుకుని కూర్చున్నాను.

అరవై రెండు ఆమెన్లు పడ్డాయి. ఏడ్చే బొమ్మలు పడ్డాయి. ఆ సంబరంలో నేను రెండు పూటలూ తిన్నది కూడా గుర్తులేదు. మా చర్చి స్త్రీల సమాజం అధ్యక్షురాలు ఫోన్ చేశారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ టీచరుగా చేసి రిటైరైన ఆవిడ.

“ఏమ్మా, ఆ సహోదరి ఎవరో చెబుదూ. పేరు తెలిస్తే ఇంకా భారంతో ప్రార్థన చేస్తాం కదా.”

“పేరు లేకపోతే దేవునికి ఇల్లు దొరకదా మేడం?”

“అది కాదమ్మా. మన పాటలక్కయ్యేనా?”

నేను అవుననలేదు. కాదని కూడా అనలేదు. “చూద్దాం మేడం” అన్నాను. అదేం జవాబో నాకే తెలియదు.

ఆదివారం వదినా నేనూ కలిసి చర్చి గేటు దగ్గరికి వచ్చేసరికి మొదటి ఆమె ఎదురొచ్చి “వందనాలక్కా” అని వదిన చెవిలో కేకపెట్టింది. రెండో ఆమె ఇంకో చెవిలో. మూడో ఆమె దూరం నుంచే రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని మొదలుపెట్టింది. చెట్టు మీద పిట్టలు లేచిపోయాయి.

“ఏమైందే వీళ్లకు? బర్రెను తోలినట్టు మొత్తుకుంటున్నరు,” అంది వదిన.

నేను చెప్పుల పట్టీ సర్దుకుంటూ కిందికి వంగాను. అధ్యక్షురాలు వచ్చి, అరవడం బాగుండదని కాబోలు, ఒక చీటీ మీద రాసి ఇచ్చారు. మీ చెవుల కోసం సంఘమంతా ప్రార్థిస్తున్నాం అని. వదిన చదివింది. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. వెళ్లి ఎప్పుడూ కూర్చునే చోట కాకుండా వెనక బెంచీలో కూర్చుంది. నేను పక్కన కూర్చోబోతే బ్యాగు అడ్డం పెట్టింది.

శుక్రవారం ఉపవాస కూడికలో సమాజం వాళ్లు ప్రేమతోనే తీర్మానం చేశారు. ఈ క్రిస్మస్‌కు అక్కయ్య విశ్రాంతి తీసుకుంటారు, కీబోర్డు వాయించే అమ్మాయి పాట ఎత్తుతుంది. వదిన ఆ కూడికకు రాలేదు. నేను అశోక్‌నగర్ పోయి ఆమె ఇంటి బెల్లు కొట్టాను. తలుపు తీయలేదు. వినపడక తీయలేదా, వినపడీ తీయలేదా? మెట్ల మీద అరగంట కూర్చుని దాని గురించే ఆలోచించాను. రెండోదే అని తేలింది, లోపల కిటికీ తెర కదిలింది.

మా పిల్ల ఆ మనవిని గ్రూపులోంచి తీసేసింది. పిల్లి పాలు తాగిపోయాక మూత పెట్టినట్టు. అప్పుడు నాకు ఒక తెలివి పుట్టింది. ఒక్క చెవిటి సహోదరి ఉంటే అందరి కళ్లూ ఆమె మీదే ఉంటాయి. నలుగురుంటే ఎవరో ఏమో, వదిన గుంపులో కలిసిపోతుంది, పాట ఆమెకే వస్తుంది.

మా పిల్ల రాయనంది. “ప్రార్థనల అబద్ధం నేను టైప్ చెయ్యనత్తా, నాకు పరీక్షలున్నయి,” అంది. సరే, నెట్టు రానివాళ్ల కోసం చర్చి గుమ్మం దగ్గర మనవుల పెట్టె ఉంది. చీటీ వేస్తే అధ్యక్షురాలు తీసి గ్రూపులో పెడతారు. మొదటిసారి మా పిల్ల రాసిన కాగితం నా దగ్గరే ఉంది. దాన్ని చూసి ఒక్కో అక్షరం దింపుకున్నాను. మార్చింది ఒక్క పేట పేరే. ఆ పేర్లు నాకు రానివా? మొదటి శుక్రవారం గాంధీనగర్ సహోదరికి చెవులు వినపడలేదు. తరువాతి శుక్రవారం కాచిగూడ సహోదరికి. మూడో శుక్రవారం అంబర్‌పేట.

పని జరిగినట్టే కనిపించింది. తరువాత చేయి దాటింది. సమాజంలో ఇద్దరు తల్లులు యాపిల్ పళ్లు కొనుక్కుని గాంధీనగర్ గల్లీ గల్లీ తిరిగి చెవిటి సహోదరి ఇల్లు అడిగారట. ఒక డాక్టరు చర్చిలో చెవుల క్యాంపు పెడతానని ముందుకొచ్చాడు. ఆ ఆదివారం అయ్యగారు ప్రసంగం మధ్యలో ఆగి, మన సంఘం చెవుల మీద సాతాను దాడి చేస్తున్నాడు అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మాత్రం మూసుకోలేదు. సాతాను ఎక్కడ కూర్చున్నాడో నాకు తెలుసు, మూడో వరుసలో స్తంభం పక్కన, నా చీర కట్టుకుని.

సోమవారం నేను బడి నుంచి వచ్చేసరికి వదిన మా ఇంటి గడప మీద కూర్చుని ఉంది. చేతిలో ఫోను. నాకు తెలియని సంగతి ఏమిటంటే, అధ్యక్షురాలు ఆ చీటీలను చూసి టైప్ చెయ్యలేదు. చీటీలనే ఫోటో తీసి పెట్టారు.

“కాచిగూడల ‘డ’కు గంత కడుపు పెట్టేది ఈ పట్నంల నువ్వొక్కదానివే. నేర్పినదాన్ని, నాకు తెల్వదా?”

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

“ప్రభువు చెవిటోళ్లకు చెవులిచ్చుకుంట తిరిగిండు. నువ్వేమో ఉన్నోళ్ల చెవులు ఊడబీక్కుంట తిరుగుతున్నవ్.”

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

“మొదటిదానికి ఎన్ని ఆమెన్లు పడ్డయి?”

“అరవై రెండు.”

“నలభై ఏండ్ల పాట పెట్టి అరవై రెండు తెచ్చుకున్నవ్. మంచిగనే గిట్టింది.”

ఆమె లోపలికి వచ్చి కుర్చీ నా ఎదురుగా లాక్కుంది. గ్రూపులో నిజం చెప్పాలి, నా చేత్తో రాసి చెప్పాలి, ముందు తన ముందు చెప్పాలి అంది. నా పెదవులు చూస్తూ కూర్చుంది.

“సహోదరి మీద ప్రేమతో నేను...” అని మొదలుపెట్టాను.

“కొట్టెయ్. ప్రేమ లేదు ఆడ.”

“బలహీనత వల్ల...”

“కొట్టెయ్. మోకాళ్లు తప్ప నీకేం బలహీనం? ఆమెన్ల ఆశకు అని చెప్పు.”

“ఆమెన్ల ఆశకు.”

“ఆఁ. రాయి.”

మూడుసార్లు ఏడవబోయాను. ఏడిస్తే పెదవులు వంకర పోతున్నయి, కనపడ్తలేదు, తరువాత ఏడువు అంది. అదంతా అయ్యాక ఫోను బ్యాగులో వేసుకుంటూ ఒక మాట అంది. ఒకరి ముచ్చట చెప్పాలంటే ముందు వాళ్ల ముందర చదవాలి, వాళ్లు ఊఁ అంటే అప్పుడు పెట్టాలి, అనకపోతే మింగాలి. నెట్టులో ఎట్లా ఉండాలో అయ్యగారు అరగంట చెప్పారు. నాకు మాత్రం ఇదే గుర్తుంది.

నా చీటీని మా పిల్ల ఫోటో తీసి పెట్టింది. అందులో ఉన్నది ఇంతే: “ఇంకొకరి కష్టం నేను అడగకుండా చెప్పాను. ప్రార్థన అని పేరు పెట్టాను. ఆమెన్ల ఆశకు చేశాను. గాంధీనగర్, కాచిగూడ, అంబర్‌పేట సహోదరీలు లేరు. వాళ్ల కోసం ప్రార్థన ఆపండి. నన్ను క్షమించండి.” కింద నా సంతకం.

ఆ రోజంతా ఒక్క ఆమెన్ పడలేదు. నేను ప్రతి గంటకూ మా పిల్లను లేపి చూడమన్నాను. మర్నాడు మధ్యాహ్నం మొదటిది పడింది. మా వదినది. దాని కింద ఆమె సొంతంగా రాసింది కూడా ఉంది. “చెవులు పోయింది నాకే. గొంతు పోలేదు. క్రిస్మస్ పాట నేనే ఎత్తుతాను. వద్దనేవాళ్లు అశోక్‌నగర్ వచ్చి నాతో చెప్పండి. గట్టిగా చెప్పాలి.”

ఎవరూ అశోక్‌నగర్ వెళ్లలేదు. ఆదివారం అయ్యగారు లేచి, సాతాను దాడి అన్నమాట తొందరపడి అన్నానని ఒప్పుకున్నారు. నాకు ఆయన మీద గౌరవం అప్పుడు మొదలైంది. పళ్లు పట్టుకుని తిరిగిన తల్లుల దగ్గరికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆ పళ్లేం చేశారమ్మా అంటే, ఆకలైతే గాంధీనగర్‌లోనే ఒక అరుగు మీద కూర్చుని తినేశాం అన్నారు. అధ్యక్షురాలు మాత్రం నెల రోజులు నాతో పొడిగా ఉన్నారు. కీబోర్డు అమ్మాయి వదిన కాళ్లకు దండం పెట్టి, నాకు ముందునుంచే భయంగా ఉండె అక్కా, మీరే ఎత్తండి అంది.

ఇక ఆపడం ఎలా అన్నది మిగిలింది. ఆ పని నాకు పడింది, శిక్ష కింద. నాది బొంగురు గొంతు, పాటకు పనికిరాదు, చేతులు మాత్రం బాగుంటాయి. నేను వదిన పక్కన నిలబడి ఆమె చెయ్యి పట్టుకోవాలి. సంఘం చివరి మాట పాడగానే నొక్కాలి. ఒక నెలంతా మా ఇంట్లో అభ్యాసం చేశాం. మా పిల్ల సంఘం, నేను చెయ్యి, ఆమె గొంతు.

క్రిస్మస్ పొద్దున చర్చి నిండిపోయింది. కొందరు పాట వినడానికి కాదు, తప్పుతుందేమో చూడడానికి వచ్చారు. వదిన తెల్లచీర కట్టుకుని ముందు వరుసలో నిలబడింది. గొంతు సవరించుకోలేదు. దవడ ఒకసారి కదిలించి ఎత్తింది. ఎంత ఎత్తున ఎత్తాలో సరిగ్గా అంతే. సంఘం లేచింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని వింటున్నాను. పక్కన నిలబడి నలభై ఏళ్లలో ఎన్నోసార్లు విన్న పాటే. కానీ ఎప్పుడూ నా చీర కుచ్చిళ్లు, పక్కామె గాజులు చూస్తూ వినేదాన్ని. ఆ రోజు చివరి మాట ఎప్పుడు వస్తుందా అని ఒక్కో మాటా విన్నాను. వింటూ వింటూ నొక్కడం మరిచిపోయాను.

సంఘం ఆపేసింది. వదిన ఆపలేదు. మళ్లీ పల్లవి ఎత్తింది, ఒక్కతే. ఎవరో నవ్వుతారనుకున్నాను. అధ్యక్షురాలు, నాతో నెలగా సరిగా మాట్లాడని మనిషి, మొదట అందుకున్నారు. తరువాత వరుసగా అందరూ. ఈసారి నేను ఎముక విరిగేలా నొక్కాను.

బయటికి వచ్చాక చెయ్యి రుద్దుకుంటూ అడిగింది.

“మొదటిసారి ఎందుకు నొక్కలే?”

“మంచిగ పాడుతున్నవ్ వదినా. మర్శిన.”

“అబద్ధం గాదు గద?”

“నిజం.”

“అయితే ఇది గ్రూపుల పెట్టుకో. నేను ఊఁ అంటున్న.”

మరుసటి క్రిస్మస్‌కు కూడా ఆమే ఎత్తింది. వద్దన్నవాళ్లు ఎవరూ లేరు. ఈ ఏడు ఎవరు ఎత్తుతారో సంఘం ఇంకా తేల్చలేదు. నన్ను అడిగితే కీబోర్డు అమ్మాయి అంటాను. ఆమె చేతులకు చెమట పడుతుంది, అదొక్కటే లోటు.

ఇది గ్రూపులో పెట్టేముందు వదిన ముందర చదవాలి. ఇప్పుడు అది నా చేతిలో లేదు. కుక్కర్ సంగతి ఆమె ఒప్పుకునేదో కాదో చెప్పలేను. నోరు ముయ్యమన్నది మాత్రం నా సంగతే, అది ఉండనీ. మిగిలినదానికి ఆమె తరపున మనమే కూర్చోవాలి బిడ్డా. నీళ్లు తాగి వచ్చి మొదటినుంచి చదువు, నిదానంగా. నేను నన్ను మంచిదాన్ని చేసుకున్నట్టు ఎక్కడ వినపడితే అక్కడ ఆగు, కొట్టేద్దాం. కానియ్యి, చదువు.